మీటింగ్‌లో ఉన్న మా చెల్లెలు

దయ్యాలు, గాలి, ధూళి అంటే నవ్వే మనిషిని నేను. ముందు ఆ మాటే రాయమని మా మనవరాలు హారికకు చెప్పాను. నేను చెబుతుంటే రాస్తున్నది తనే. ఈ సంగతి అందరికీ చెప్పీ చెప్పీ అలిసిపోయాను. రాసి పెట్టేస్తే, ఇక అడిగినవాళ్ళు చదువుకుంటారు.

మేముండేది తిరుపతిలో. నా చెల్లెలు కనకమ్మ పుత్తూరులో ఒంటరిగా ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మా దగ్గరికి రమ్మంటే వినదు. పొద్దున లేచిందో లేదో అని రోజూ నాకు దిగులే.

ఆమెది బటన్ ఫోను. టైపు కొట్టడం రాదు. ఆ ఫోన్లలో ముందే రాసిపెట్టిన ఇంగ్లీషు మెసేజీలు కొన్ని ఉంటాయి. వాటిలో మొదటిది 'నేను మీటింగ్‌లో ఉన్నాను' అని. దాన్ని పంపడం ఎదురింటి పిల్ల నేర్పించింది. ఇక రోజూ ముగ్గేసి, కాఫీ తాగి, అదే నొక్కేది. మీటింగ్‌లో ఉందంటే కులాసాగా ఉన్నట్టు. అదే మా ఒప్పందం.

"పుత్తూరు కలెక్టరమ్మ మీటింగులో కూసునింది, ఇంక నువ్వు కాఫీ తాగవ్వా" అని హారిక ఏడిపించేది.

నాది మా అబ్బాయి వాడి వదిలేసిన పెద్ద ఫోను. అందులో గొంతు మెసేజీలు వస్తే నొక్కి వినడం వచ్చు. ఏ మెసేజ్ ఏ రకమో మాత్రం తెలియదు. టింగుమంటే మెసేజ్, అంతే.

ఆ రోజు పొద్దున టింగుమంది. కళ్ళద్దాలు కనపడలేదు. తడుముకుని నొక్కాను. కనకమ్మ గొంతు.

"అక్కా, పెరట్లో ఉండాను. లెయ్యలేకుండా ఉండాను. రా."

అరుపేమీ లేదు. ఇంటి పనంతా చేసి అలిసిపోయినట్టు ఉంది గొంతు. వెనక కొళాయి కారుతున్న చప్పుడు.

ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మా అబ్బాయిని లేపాను. "మెసేజొచ్చినాక ఇంకేం భయమమ్మా?" అన్నాడు. మెసేజ్ కాదురా, మాట్లాడింది అన్నాను. నా మొహం చూసి కారు తీశాడు.

పుత్తూరు చేరేసరికి వీధి తలుపు లోపల గడియపెట్టి ఉంది. వాడు తలుపు తడుతుంటే నేను పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి పోయాను. ఉతికే బండ పక్కన పడి ఉంది కనకమ్మ. కొళాయి కారుతూనే ఉంది. తెల్లారకముందే, కళ్ళాపి నీళ్ళకని వచ్చి జారిందట. ఫోను వంటింట్లో బియ్యం డబ్బా మీద ఉంది.

తుంటి ఎముక విరిగింది. తిరుపతిలో ఆపరేషన్ చేశారు. "ఎముకిరిగితే లోకమంతా కట్టు కట్టించుకునేదానికి పుత్తూరొస్తే, నేను ఆడుండి ఈడికొస్తినే" అని అంత నొప్పిలోనూ నవ్వింది. మెసేజ్ పంపి మంచి పని చేశావే అన్నాను. "నేను యాడ పంపినానక్కా? ఫోను ఇంట్లో గదా ఉండాది" అంది.

అప్పుడు హారిక విడమరిచి చెప్పింది. మామూలు మెసేజ్‌కు నెట్టు అక్కర్లేదు, బటన్ ఫోను నుంచైనా వస్తుంది, కానీ అందులో అక్షరాలే ఉంటాయి. గొంతు మెసేజ్ పంపాలంటే నెట్టున్న పెద్ద ఫోను కావాలి. "చిన్నవ్వ ఫోన్లో అది అయ్యే పనే కాదవ్వా" అంది. తెలియనంతసేపు నాకు భయం లేదు. తెలిశాకే భయమేసి, ఫోను తన చేతిలో పెట్టాను.

నా ఫోనంతా వెతికింది. గొంతు ఎక్కడా లేదు. మామూలు మెసేజీల్లో మాత్రం ఆ పొద్దుటిది ఉంది. నేను మీటింగ్‌లో ఉన్నాను అని.

ముందురోజుది ఆలస్యంగా వచ్చిందేమో అన్నాడు మా అబ్బాయి. ముందురోజుది వేరే ఉంది. దిగులుతో గొంతు ఊహించుకున్నానేమో అంది హారిక. సరే, ఊహించుకున్నాననే అనుకుందాం. మరి ఎవరూ లేని ఇంట్లో ఆ బటన్ నొక్కింది ఎవరు? కులాసాగా ఉన్నానని మెసేజ్ వస్తే నేను పుత్తూరికి ఎందుకు పరిగెత్తాను? ఆలోచించే ఓపిక కూడా అయిపోయింది నాకు.

ఇప్పుడు కనకమ్మ మా ఇంట్లోనే, పక్క గదిలో ఉంటుంది. పాత అలవాటు పోలేదు. పొద్దున్నే ఆ మెసేజ్ పంపుతుంది. అది చూసి నిమ్మళంగా కాఫీ తాగే రోజులు పోయాయి. మోకాళ్ళు పట్టుకుని లేచి, గోడ ఆనుకుంటూ ఆమె మంచం దాకా పోతాను.

"మెసేజొచ్చింది గదక్కా, మళ్ళా ఎందుకొస్తావు?" అంటుంది.

"నువ్వే పంపినావా?" అని అడుగుతాను. అవునని తల ఊపేదాకా అక్కడే నిలబడతాను.