ఆఖరు మాట

మా కిరాణా కొట్టు భద్రాచలం రోడ్డు మీద. సంత రోజున అడవి ఊళ్ల నుంచి చింతపండు, తేనె వచ్చేవి. మా ఇంట్లో ఎవరూ అసలు అంకె ముందే చెప్పరు. నేనైతే పురిటి నొప్పులు పడుతూ నర్సుతో బేరమాడినదాన్ని.

నా కూతురికి తొమ్మిదేళ్లు. రక్త క్యాన్సర్‌కు హైదరాబాద్‌లో వైద్యం మొదలై రెండో ఏడు. స్టెరాయిడ్ గోలీలకు మొహం పూరీలా పొంగింది. కొన్నాళ్లుగా మెట్లు దిగుతూ గోడ పట్టుకుంటోంది. కింద కూర్చోమంటే స్టూలు వెతుక్కుంటోంది. ఏమైందంటే, "ఏం లేదే అమ్మా, ఉత్తగనే" అంటుంది. నాకు కొట్లో కాలు నిలవలేదు. చక్కెర అడిగినవాళ్లకు ఉప్పు కట్టిచ్చాను.

చెకప్‌కు వెళ్లినప్పుడు నేనే కదిపాను.

"కాలు నొస్తున్నట్టుంది మేడం."

"పదిలో ఎంత నొప్పి తల్లీ?" డాక్టరమ్మ అడిగింది.

"రెండు," అని పిల్ల నా వంక చూసింది.

డాక్టరమ్మ తలూపి కాగితం తిప్పబోయింది. నాకు పిల్ల చూసిన ఆ చూపు తెలుసు. చింతపండు బుట్ట ముందు సగం ధర అడిగి, ఏమీ ఎరగనట్టు నేను చూసే చూపు అది.

"ఆగండి మేడం." పిల్ల వైపు తిరిగాను. "ఆఖరు మాట చెప్పవే."

"ఆఖరా?" నేల చూసింది. "ఎనిమిది."

"మరి రెండు అన్నవేందే?"

"ఎక్కువ చెప్తే గోలీలు బంద్ చేస్తరు. బంద్ చేస్తే రోగం మళ్ల వస్తదని నువ్వే అన్నవ్ గద!"

స్కాన్ తీశారు. ఫలితం వచ్చేదాకా ఆస్పత్రి వరండాలో నేను తిరగని మూల లేదు.

"తుంటి దగ్గర ఎముకకు రక్తం సరిగ్గా అందట్లేదు," అంది డాక్టరమ్మ. "ఈ గోలీలతో కొందరు పిల్లలకు ఇలా అవుతుంది. గెంతడాలు వద్దు, కొన్నాళ్లు కర్రల సాయంతో నడవాలి. మందు మార్చాలా అన్నది మేం చూస్తాం. మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపొద్దు."

"సగం గోలీ వేస్తేనో మేడం? పోనీ, ముప్పావు?" నా నోరు ఊరుకోదు కదా.

"ఇది సంత కాదమ్మా!"

పిల్ల కిసుక్కున నవ్వింది.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే కొట్టు తెరుస్తూ అడిగేదాన్ని.

"ఎంతే?"

"నాలుగు."

"ఆఖరు మాటేనా?"

"ఫిక్స్‌డ్ రేటమ్మా. జరుగు, బేరాలొచ్చినయ్."

చంకల్లో కర్రలు సర్దుకుని గల్లా వైపు కదిలింది. మొహం చూసి లాభం లేదు, ఆ మొహం పెట్టడం నా దగ్గర నేర్చుకున్నదే. కర్రల మీద వేళ్లు ఎంత బిగిశాయో చూస్తూ పొట్లం కట్టాను.