చిన్నవ్వ మెడలో మా అవ్వ బిళ్ళ

మా చిన్నప్పుడు... ధర్మపురి జాతరలో గాజుల దుకాణాలు మొదలయ్యాయంటే ఆడపిల్లలను అక్కడి నుంచి కదిలించడం ఎవరి తరమూ కాదు. ఆ ఏడు అందరి కళ్ళూ ఒక్కదాని మీదే... గిల్టు గొలుసుకు వేలాడే ఎర్రరాయి లాకెట్. మా చిన్నవ్వ దాన్ని మెడకు ఆనించుకుని, దుకాణపాయన అద్దంలో అటు తిరిగీ ఇటు తిరిగీ చూసుకుంది.

"మంచిగుందా బిడ్డా?" అని నన్నడిగింది.

నేను మూతి ముడుచుకుని నిలబడ్డాను. ఆమె కొనుక్కుంది.

చిన్నవ్వ అంటే మా బాపు రెండో భార్య. నాకు ఐదేళ్ళప్పుడు మా అవ్వ, అంటే నా కన్నతల్లి, పోయింది. ఏడాది తిరిగేసరికి ఈమె వచ్చింది... పదిహేడో, పద్దెనిమిదో ఉంటాయేమో. షోకుల మనిషి. పక్కపాపిడి తీసేది, రిబ్బను పువ్వులా ముడివేసేది. ప్లాస్టిక్ గాజులు మా వాడలో మొదట ఆమె చేతులకే ఎక్కాయి. వాడలోని పడుచులంతా ఆమెను చూసే నేర్చుకునేవారు. నాకు మాత్రం ఆమె ఏం వేసుకున్నా కడుపు మండేది.

ఎందుకంటే ఆమె మెడలో మా అవ్వ ఉండేది.

ఇప్పటివాళ్ళకు తెలియదేమో... అప్పట్లో మా ఇళ్ళల్లో మొదటి భార్య పోతే, రెండో ఆమె మెడలో చిన్న వెండి బిళ్ళ కట్టేవారు. దాని మీద ఆడమనిషి రూపం. అంటే పోయినామె అన్నమాట. కొత్త చీర కట్టాలన్నా, కొత్త నగ పెట్టుకోవాలన్నా ముందు ఆ బిళ్ళకు కుంకుమ పెట్టి, చూపించాలి. లేకపోతే పోయినామెకు కోపం వస్తుందని భయం.

జాతర నుంచి వచ్చిన మర్నాడు చిన్నవ్వ, లాకెట్‌నూ బిళ్ళనూ కలిపి కొత్త దారానికి గుచ్చుదామని బిళ్ళ విప్పింది. దాన్ని గూట్లో పెట్టి తలస్నానానికి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను. గిల్టు పక్కన మా అవ్వా! బిళ్ళ తీసి నా మొలతాడుకు కట్టుకున్నాను, లంగా లోపల ఎవరికీ కనపడకుండా... మా అవ్వ నాకే ఉండాలి, అంతే.

ఇల్లంతా వెతికారు. బాపు తాను బట్ట నేసే మగ్గం గుంటలోకి కూడా దిగి చూశాడు. నన్నెవరూ అడగలేదు. మా నాయనమ్మ చిన్నవ్వ మీద విరుచుకుపడింది.

"షోకులు, షోకులు! మెడల మనిషిని పెట్టుకొని పక్కపొంటి గా గిల్టుది ఏసుకుంటవా? గందుకే నా కోడలు అలిగి పోయింది!"

అదే వారం చిన్నవ్వకు జ్వరం పట్టుకుంది. వాడంతా ఒకటే మాట... పెద్దామె కోపం చేసిందని. నాయనమ్మ ఆ లాకెట్‌ను తీసుకుపోయి గోదావరిలో పడేసి వచ్చింది. చిన్నవ్వ గోడవైపు తిరిగి పడుకుంది.

నేనా? అబద్ధమెందుకు... మొదట సంతోషించాను. తర్వాత భయం పట్టుకుంది. బిళ్ళ నడుముకు చల్లగా తగిలినప్పుడల్లా, అక్కడ ఆమె ఒళ్ళు కాలిపోతోందని గుర్తొచ్చేది. చెప్తే నాయనమ్మ చంపేస్తుంది. చెప్పకపోతే చిన్నవ్వ చచ్చిపోతుంది. ఎనిమిదేళ్ళ దాన్ని... మొలతాడు ముడి తడుముకుంటూ తిరిగాను.

జ్వరం తగ్గింది. లేచిన మూడో రోజే నాకు స్నానం పోస్తానని పిలిచింది. రానని పెనుగులాడాను. ఆమె లంగా బొందు విప్పేసరికి బిళ్ళ బయటపడింది.

నాయనమ్మ పది అడుగుల దూరంలో కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. చిన్నవ్వ ఒక్క కేక వేస్తే చాలు, తన మీద పడ్డ నింద పోయేది. ఆమె బిళ్ళను చూసింది. నా ముఖం చూసింది. వంగి, మొలతాడు ముడిని ఇంకా గట్టిగా బిగించింది.

"ఊడిపోతది బిడ్డా... పైలం," అంది మెల్లగా.

బాపు కొత్త బిళ్ళ చేయిస్తానంటే వద్దంది. "ఆమె యాడికి పోలే. ఇంట్లనే ఉన్నది," అంది. ఆ మాటకు నాయనమ్మ ఇంకా మండిపడింది.

ఆ బతుకమ్మకు బాపు చిన్నవ్వ కోసం చీర నేశాడు. కట్టుకునే ముందు ఆమె దాన్ని మడత విప్పకుండా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కుంకుమ వేలు నా నడుము దగ్గర తాకించి, "జర కోపం చెయ్యకు అక్కా..." అంది. ఆమె మాట్లాడుతున్నది నాతో కాదు.

ఆ తర్వాత ఆమె మెడలో పుస్తెలు తప్ప మరొకటి చూడలేదు. రిబ్బన్లు కూడా తీసి నాకే కట్టేది. మూడేళ్ళకు మళ్ళీ జ్వరం వచ్చింది. ఈసారి తగ్గలేదు.

"పెద్దామె బిళ్ళ పారేసుకున్నది గదా... గందుకే తీస్కపోయింది," అన్నారు వాకిట్లో చేరిన ఆడవాళ్ళు. బిళ్ళ అప్పుడూ నా నడుముకే ఉంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

మొన్న మా మనవరాలు ఎగ్జిబిషన్‌లో ఓ దండ కొనుక్కొచ్చింది. నల్లదారానికి అరిగిన వెండి బిళ్ళ... దాని మీద చేతులు జోడించిన ఆడమనిషి. టీషర్టు మీద వేసుకుని ఫోటోలు దిగుతోంది.

"ఎవరిదే అది?" అన్నాను.

"ఎవరిదైతే ఏంది అమ్మమ్మా? ఇప్పుడంతా ఇదే ట్రెండ్!"

ఎవరో ఒక ఇంటి ఇల్లాలు... ఏ కొత్తకోడలు ఎంత భయంభయంగా ఆమెకు చీరలు చూపించిందో! ఇప్పుడు ఆ భయమూ లేదు, ఆమె ఎవరని అడిగేవాళ్ళూ లేరు. నాకు మాత్రం ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

చిన్నవ్వ పోయాక బాపు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అందుకే ఆమె రూపం ఏ బిళ్ళ మీదా లేదు. ఫోటో కూడా లేదు...

మీ ఇళ్ళల్లో ఎవరి మెడలోనైనా అలాంటి బిళ్ళ చూశారా? చూసి ఉంటే ఆ పోయినామె పేరు కింద రాయండి. మా అవ్వ పేరు లచ్చవ్వ. మా చిన్నవ్వ పేరు రాజవ్వ. ఆమె బిళ్ళ పారేసుకోలేదు... తీసింది నేను.