డేల్ సార్‌కి మిరపకాయలు గుర్తున్నాయి

నిన్న పొద్దున మెసేజ్ వచ్చింది. డేల్ సార్ ఇక లేరట.

అమెరికా నుంచి వాళ్ళ అమ్మాయి ఎమీ పెట్టింది. ఇంగ్లీషులో ఉంటే నా మనవరాలు చదివి చెప్పింది. మళ్ళీ చదవమన్నాను. ఇంకోసారి కూడా.

తర్వాత నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది.

"ఆఖర్లో ఆయప్ప మనుషుల్ని గుర్తుపట్న్యాడంటనా, లేదా?"

ఇన్నేళ్ళూ నా భయమంతా అదే. తెలియనివాళ్ళ కోసం చెబుతాను.

గల్ఫ్ యుద్ధం వచ్చిన ఏడాది నేను సౌదీలో, అల్ ఖర్జ్‌లో ఉన్నాను. పాల డెయిరీ క్వార్టర్స్‌లో పని. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన సౌదీ ఆయన, నన్ను డేల్ సార్ ఇంట్లో వంటకి పెట్టాడు. సార్ డెయిరీలో మెషీన్లు చూసేవారు. తల్లికి బాగాలేదని ఆయన భార్య అమెరికా వెళ్ళింది. ఇంతలో యుద్ధం మొదలై తిరిగి రాలేకపోయింది.

ఇంట్లో సారూ, చిన్నపిల్ల ఎమీ, నేనూ.

ఒకరోజు అల్మారా సర్దుతుంటే, ముఖానికి కడ్డీలున్న పెద్ద హెల్మెట్ కనపడింది. యుద్ధం కోసం ఇచ్చారేమో అనుకుని ఎమీ తలకి పెట్టి చూస్తున్నాను. సార్ చూసి నవ్వారు. అది తన పాత ఉద్యోగం అన్నారు.

వయసులో ఆయన అమెరికా ఫుట్‌బాల్ ఆడేవారు. మనవాళ్ళు కాలితో తన్నే ఆట కాదు. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆట. సార్ ఒక లారీ డ్రైవర్ కొడుకు. కాలేజీ చదువు ఆ ఆట వల్లే వచ్చింది. తర్వాత పెద్ద టీమ్‌లో తీసుకున్నారు.

ఆయన బంతి పట్టే మనిషి కాదు. బంతి ఉన్నవాడి ముందు నిలబడి, మీదపడేవాళ్ళని ఆపే మనిషి. గోల్స్ ఎన్ని కొట్టినారు సార్ అని అడిగాను. బంతి తన చేతికి ఒక్కసారే వచ్చిందట, అదీ పొరపాటున.

మోకాలు పోయింది. టీమ్ వద్దంది. పని వెతుక్కుంటూ సౌదీ వచ్చారు.

ఆ హెల్మెట్ నిండా గీతలే. ఎదుటివాళ్ళ హెల్మెట్ల రంగులు అంటుకుని ఉన్నాయి. కొన్ని మ్యాచ్‌ల తర్వాత ఇంటికి ఎలా వచ్చానో తెలిసేది కాదన్నారు, చాలా మామూలుగా. తనతో ఆడిన ఒకాయన ఆ తలదెబ్బలకి ఇప్పుడు సొంత పిల్లల పేర్లే తడుముకుంటున్నాడట.

అంతే. ఇక నాకు నిద్ర లేదు.

సార్ కారు తాళాలు మర్చిపోతే నా గుండె జారేది. ఒక సాయంత్రం ఎమీని భార్య పేరుతో పిలిచారు. ఇక ఆగలేకపోయాను.

గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకున్నాను. ఆయన టీవీలో వార్తలు చూస్తుంటే వెనక నిలబడి, తల చుట్టూ దిష్టి తిప్పాను. తీసుకెళ్ళి పొయ్యి మీద పెనంలో వేశాను.

అప్పట్లో గ్యాస్ బాంబులు వేస్తారని అందరికీ భయం. సైరన్లు మోగుతుండేవి. కంపెనీ వాళ్ళు సార్‌కీ ఎమీకీ మాస్కులిచ్చారు. నాకు లేదు. ఇదేదీ నాకు ఆ క్షణంలో తట్టలేదు.

ఘాటు ఇల్లంతా కమ్మేసింది.

సార్ దగ్గుతూ లేచి "గ్యాస్!" అని అరిచారు. ఎమీకి మాస్క్ తొడిగారు. తన మాస్క్ తెచ్చి నా ముఖానికి బిగించారు. మా ఇద్దరినీ బాత్‌రూమ్‌లోకి తోసి, తడి టవల్ ముక్కుకి పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

అది ఆయన పాత పనే కదా.

మాస్క్‌లోంచి నేను మిరపకాయ్ సార్, మిరపకాయ్ అని మొత్తుకుంటున్నాను. ఆయనకేం అర్థమవుతుంది? చివరికి చెయ్యి పట్టి లాక్కెళ్ళి పెనం చూపించాను.

దాన్ని చూశారు. తర్వాత కింద కూలబడి, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వారు.

ఘాటు వచ్చిందంటే దిష్టి లేదని మన లెక్క. నాకొచ్చిన ఇంగ్లీషులో అది చెప్పాను.

"అయితే నా తల బాగుందా గంగా?"

"బాగుండాది సార్."

"మాఫీ ముష్కిల్," అన్నారు. ఏం ఫర్వాలేదని. అక్కడ అందరి నోటా ఉండే అరబ్బీ మాట.

తర్వాత నేను కడప వచ్చేశాను. ఆయన అమెరికా వెళ్ళిపోయారు. కొత్త సంవత్సరానికి ఫోన్ మాత్రం మానలేదు. నేను అడిగేది ఒకటే, ఆ రోజు పెనంలో ఏం వేసినాను సార్ అని. మిరపకాయ్ అనేవారు. నాకు మళ్ళీ ఊపిరి ఆడేది.

ఈ ఏడాది ఫోన్ రాలేదు.

గుండె జబ్బు, ఆస్పత్రిలో ఉన్నారని ఎమీ చెప్పింది. నేను నమ్మలేదు. తల సంగతి నా దగ్గర దాస్తోందనుకున్నాను. నిన్నటిదాకా అన్నం సయించలేదు.

నిన్న మధ్యాహ్నం ఎమీ వీడియో కాల్ చేసింది. గుండేనట. నిద్రలోనే పోయారట, కష్టపడకుండా. ముందు రోజు మనవలందర్నీ పేరుపేరునా పిలిచారట. గంగ పెనంలో ఏం వేసింది నాన్నా అని ఎమీ సరదాకి అడిగిందట.

"మిరపకాయ్. ఈసారి గంగ అడగలేదేం?" అన్నారట.

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఆ తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను. చావు కబురు విని ఇలా రాయొచ్చో లేదో తెలీదు. కానీ ఉన్నమాట అదే.

డేల్ సార్, మీ తలకేం కాలేదు. ఇంక ఎవరి ముందూ అడ్డం నిలబడే పని లేదు. హాయిగా పడుకోండి.

మాఫీ ముష్కిల్.