సంతోషం గుండు

ఆ రోజుల్లో మా ఐరాల వైపు డిగ్రీ చదివిన పిల్లకు ఉద్యోగమంటే బెంగుళూరు, లేదంటే చెన్నై. (ఆ రోజులంటే మరీ పాతవేమీ కాదు, ఏడేళ్ల కిందటి మాట. పాప పుట్టాక, అంతకు ముందువన్నీ నాకు ఆ రోజులే.) ఆ రెండు ఊర్లకూ నన్ను పంపనన్నాడు నాయన. రెండేళ్లు ఇంట్లో కూర్చుని టమోటా గంపలకు కాపలా కాశాను. అప్పుడు తెలిసింది, ఏర్పేడు పక్కన ఫోన్లలో పెట్టే కెమెరాలు తయారుచేసే కొరియా కంపెనీ ఒకటి వస్తోందని. "కొరియావాళ్లకు ఈడేం పనప్పా? మనకే ఈడ పని లేదే," అని నాయన పక్కింటాయనతో అన్నాడు. నేను దరఖాస్తు పెట్టాను, పరీక్ష రాశాను, ఫోటో దిగాను, ఉద్యోగం వచ్చింది. హాస్టలు వాళ్లదే, ఆదివారాలు ఇంటికి రావచ్చు అని తెలిశాక నాయన మెత్తబడ్డాడు. "ఈ ఒక్కదానికే పంపిస్తా. ఇది పోగొట్టుకుని వచ్చినావంటే మళ్లా ఇంకోదానికి అడగొద్దు," అన్నాడు.

ఆ సంతోషం ఒక పూటైనా నిలవకముందే అమ్మ అసలు సంగతి బయటపెట్టింది. ఉద్యోగం వస్తే నా తలనీలాలు ఇప్పిస్తానని కొండ మీది సామికి మొక్కుకుందట. మొక్కు ఆమెది, జుట్టు నాది. "నన్ను అడగకుండా ఎట్ల మొక్కినావు మా?" అంటే, "ఇచ్చేది ఆయన. ఆయన్ను అడిగితే సాలు, నిన్నెందుకు అడగాల?" అంది. పోనీ మూడు కత్తెర్లు ఇస్తానని బేరం పెట్టాను. (ఆడవాళ్లు గుండుకు బదులు జుట్టు కొసలు మూడుసార్లు కత్తిరించి ఇవ్వడం ఉన్నదే.) "ఆయన నీకు ఉద్యోగం మూడు కత్తెర్లంత ఇచ్చినాడా? నిండుగా ఇచ్చినాడు గదా," అంది అమ్మ. దానికి జవాబు మా బీఎస్సీలో చెప్పలేదు.

చేరడానికి ముందు రోజు కొండెక్కి, నడుం దాటిన జడను కల్యాణకట్టలో ఇచ్చేసి, గంధం పూసిన గుండుతో దిగాను. మరునాడు పొద్దున కంపెనీ గేటు దగ్గర, ముఖం చూసి తలుపు తీసే యంత్రం ముందు నిలబడితే అది తియ్యలేదు. మూడుసార్లూ ఎర్రదీపమే. దానికి తెలిసింది జడ ఉన్న పిల్ల. నాయన మాట గుర్తొచ్చింది. వెనక్కి తిరిగితే పుత్తూరు నుంచి వచ్చిన ఒక గుండు పిల్ల, ఆమె వెనక ఇంకో గుండు పిల్ల, ఆ వెనక మగపిల్లలు ఆరుగురు. మొత్తం తొమ్మిది గుండ్లు. తొమ్మిది ఇళ్లలో తొమ్మిది మంది అమ్మలు ఒకరికి తెలియకుండా ఒకరు అదే మొక్కు మొక్కుకున్నారన్నమాట. గేటు దగ్గరి వాచ్‌మన్ మామ ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, "లడ్డు యాడ?" అన్నాడు.

ఆశ్చర్యపోయింది కొరియా మేనేజరు. అద్దాల వెనక నుంచి మా వరుసను చూడగానే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి చెన్నై నుంచి వచ్చిన మేడంను వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు. మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ బిస్కెట్లు ఇప్పించి, నడుం వంచి నమస్కారం చేశాడు. కొత్తవాళ్లకు ఎంత మర్యాద చేస్తున్నారో అనుకుని నేను రెండో బిస్కెట్టు తీసుకున్నాను. ఆయన నోటుబుక్కు తెరిచాడు. "మీ డిమాండ్లు ఏమని సార్ అడుగుతున్నారు," అంది మేడం. మేము ఒకరి గుండు ఒకరం చూసుకున్నాం. అప్పుడామె గొంతు తగ్గించి, "వాళ్ల ఊర్లో పనివాళ్లకు కోపం ముదిరితే అందరూ కలిసి గుండు కొట్టించుకుంటారు మా. సమ్మెలో అదే పెద్దది. మీరు మొదటి రోజే మొదలుపెట్టినారే అని బెదిరిపోయినారు," అని చెప్పింది.

చేతిలో ఉన్న బిస్కెట్టు తిరిగి ప్లేటులో పెట్టేశాను. సమ్మె చేసిన పిల్లను ఎవరు ఉంచుకుంటారు? ఇంతలో మాలో ఒక పలమనేరు అబ్బాయి అదను చూసి, "అయితే క్యాంటీన్లో రాగిసంగటి పెట్టమను మేడం," అన్నాడు. మేనేజరు అది రాసుకుంటుంటే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. లేచి నిలబడి, నోటికి వచ్చింది అనేశాను. "రాయొద్దు సార్. ఇది కోపం గుండు కాదు, సంతోషం గుండు. ఉద్యోగం వచ్చిందని మా అమ్మకు సంతోషం."

మేడం ఆ ఒక్క ముక్కను చాలాసేపు వివరించింది. ఆయన పెన్ను కింద పెట్టి ఆలోచించి, "ఉద్యోగం ఇచ్చింది కంపెనీ కదా, జుట్టు దేవుడికెందుకు?" అని అడిగించాడు. మమ్మల్ని గేటు నుంచి తోడుకొచ్చి వాకిలి దగ్గరే నిలబడి ఉన్న వాచ్‌మన్ మామ అందుకున్నాడు. "కంపెనీని ఈడికి తోలుకొచ్చింది ఎవురంట, అడుగు మా." మేనేజరు నవ్వలేదు. కిటికీలోంచి కొండల వైపు కాసేపు చూసి, అది కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు. మధ్యాహ్నానికి మా తొమ్మిదిమందికీ కొత్త ఫోటోలు తీయించి, తలుపు తెరిపించాడు. (సంగటిని ఆయన కొట్టెయ్యలేదు. బుధవారాలు పెట్టేవాళ్లు, ముద్ద మాత్రం లడ్డంత.)

నాలుగేళ్లు అక్కడే పనిచేశాను. జుట్టు మళ్లీ నడుం దాకా వచ్చింది కానీ కార్డు మీద ఫోటో మారలేదు. ఇప్పుడు పాప రెండుసార్లు తుమ్మితే డాక్టరుకు ఫోన్ చేసే నేను, దాన్ని అమ్మ దగ్గర వదిలి మళ్లీ పనిలో చేరాలా వద్దా అని వారం రోజులుగా తేల్చుకోలేక, ఆ కార్డు బయటికి తీశాను. చెవులు రెండూ పైకి తేలి, ఉద్యోగం పోతుందన్న భయం పూర్తిగా ఆరకుండానే నవ్వబోతున్న గుండు పిల్ల. పాప దాన్ని చూసి, మా తమ్ముడనుకుని "మామ" అంది. నేను సరిదిద్దలేదు. అంతమంది ముందు లేచి నిలబడి మాట్లాడింది నేనేనంటే, నాకే ఇంకా నమ్మకం కుదరడం లేదు.