మొగొరోసి మాస్టారు నార్వే దాకా వెళ్లిన రోజు

మా మొగొరోసి మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు ఇంకో దేశం నుంచి వస్తుంది.

ముప్పై ఏళ్లు రాజధానిలో దేశదేశాల రాజ్యాంగాలను పోల్చి పాఠాలు చెప్పి, రిటైరై మా ఊరు చేరారు. ఆయన దగ్గర చదువుకున్న పాపానికి ఎక్కువ జవాబులు నాకే దక్కేవి. ఒకసారి, "మాస్టారూ, మీ మేకను కట్టేయనా?" అన్నాను.

"స్వేచ్ఛకు హద్దు ఉండాలమ్మా. అయితే ఎంత? కెనడా వాళ్లేమంటారంటే..."

కెనడా వాళ్లు ఏమంటారో తెలిసేలోగా మేక పక్కింటి జొన్నచేను సగం మేసేసింది.

ఇంట్లో భార్యతోనూ అంతే. "కెఫిల్వే, గంజిలో ఉప్పేదీ? భారతదేశంలో రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మూల స్వరూపాన్ని మార్చకూడదు. ఉప్పు మూల స్వరూపం!"

"ఈ వంటింట్లో నాది నియంతృత్వం. తాగండి," అనేది ఆవిడ.

ఆ ఏడు చలికాలంలో మా వీధి బసాది భర్త పోయాడు. ఏళ్ల తరబడి గనుల్లో పనిచేస్తున్న మరిది రపూలా ఊళ్లో దిగి, "అన్న ఇల్లు తమ్ముడిది. అదే మన ఆచారం. ఖాళీ చెయ్ వదినా," అన్నాడు. బసాది దగ్గర ఇంటి కాగితం లేదు. తగవు ఊరి సభకెక్కింది. సభలో మాటలు రాసుకునేది నేనే.

రపూలా వాదన అయిపోయింది. బసాది ఏడుస్తూ కూర్చుంది. ఊరి నాయకుడు తీర్పు చెప్పబోతుండగా మాస్టారు లేచారు.

"ఒక్క మాట నాయకా. ఐర్లండ్‌తో మొదలుపెడతాను."

సభంతా మూలిగింది. ఐర్లండ్ అయింది. ఘనా అయింది. జపాన్ వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది, ఇద్దరు పెద్దలు గుర్రు పెట్టారు.

"నాయకా, ఈయన్ని కూర్చోబెట్టండి!" అని రపూలా అరిచాడు. "మనకు జపాన్‌తో పనేంటి?"

నాయకుడు కర్రతో నేల తట్టాడు. "ఇక్కడ తెలివైనవాడూ మాట్లాడతాడు, తెలివితక్కువవాడూ మాట్లాడతాడు. మధ్యలో ఆపడం మన తాతల నాడు లేదు, ఇప్పుడూ లేదు. మాస్టారూ, తమరు ఏ రకమో తేలట్లేదు గానీ, కానివ్వండి."

నార్వే సగంలో ఉండగా దుమ్ము రేపుకుంటూ మాస్టారి పాత జీపు వచ్చింది. తోలేది కెఫిల్వే. ఒళ్లంతా ఇసుకే. పక్కనుంచి తొంభై ఏళ్ల గబాకె అవ్వ దిగింది. పోయినవాడికీ రపూలాకీ పెద్దమ్మ, ఎక్కడో పశువుల మంద దగ్గర ఉంటుంది.

"అంతే నాయకా," అని మాస్టారు టక్కున కూర్చున్నారు.

అవ్వ నేరుగా రపూలా ముందుకెళ్లింది. "ఏరా, ఆ ఇంటికి ఒక్క ఇటుక మోశావా? బసాది మట్టి తొక్కింది, నేను నీళ్లు పోశాను. ఆచారమట! కట్టిన చేతులదే గూడు, అదీ మన ఆచారం."

"అది కాదు పెద్దమ్మా..."

"నోర్ముయ్!"

ఇల్లు బసాదిదేనని నాయకుడు తేల్చాడు. ఆడవాళ్ల సంతోషపు కేకలతో సభ మారుమోగింది.

"కోడి కూయకముందే లేపి, అవ్వను తెమ్మని తరిమారమ్మా నన్ను," అంది కెఫిల్వే నాతో. "బండి ఇసుకలో కూరుకుపోయింది. లేకపోతే నార్వే లోపే వచ్చేదాన్ని."

మాస్టారు ఛాతీ విరుచుకున్నారు. "చూశావా తల్లీ? రెండున్నర గంటలు తిట్టుకున్నారు గానీ ఒక్కరూ నా నోరు మూయించలేదు. ఇంత ఓపిక ఏ దేశం తన రాజ్యాంగంలో రాసుకుంది? ఇది మనది!"

సభ అయ్యాక బసాది వాకిట్లో కూర్చున్న అవ్వ, వెంట వచ్చి ఆవలిస్తున్న జనాన్ని చూసి అడిగింది: "ఇంతసేపూ ఏం చెప్పావు నాయనా వీళ్లకి?"

"ఏం లేదవ్వా," అన్నారు మాస్టారు. "నీ కోసం ఎదురుచూశాను."