మోచేతి మచ్చ

ఓడెక్కి ఈ దీవికొచ్చి, చెరుకు తోటల్లో గిరిమిట్టు ఒప్పందం మీద కూలీగా ఉన్న రోజుల్లో ఒకసారి బా ఊరి నుంచి లోవు ఊరికి చెరుకు రైల్లో వెళ్తున్నాను. ఎదురుగా ఒక కుర్రవాడు కూర్చున్నాడు. మదరాసులో చదువుకుంటున్నాడట, ఇక్కడి కూలీల బతుకులు తెలుసుకోవడానికి వచ్చాడట. నా మోచేతి మీద మచ్చ చూసి, "ఇదెలా అయిందక్కా?" అన్నాడు.

నా చూపు పక్క బల్ల మీదికి పోయింది. అక్కడ మా చేత పని చేయించే సర్దారు బీడీ కాలుస్తూ మా మాటలే వింటున్నాడు. ఆ దెబ్బ అతను కొట్టిందే.

"చెరుకాకు కోసింది బాబూ," అన్నాను.

ఆకు అంత లోతుగా కొయ్యదు. ఆ కుర్రవాడు ఒకసారి సర్దారు వైపు చూశాడు. "అవునక్కా, మహా పదును. పసుపు అద్దు," అన్నాడు గట్టిగా.

దిగేటప్పుడు నా మూట అందిస్తూ గొంతు తగ్గించాడు. "నేను రేపు ఓడెక్కి పోతాను. నువ్విక్కడే ఉండాలి. అందరిలో అడగకుండా ఉండాల్సింది."

ఎన్నో ఏళ్లయింది. గిరిమిట్టు తీరింది, సర్దారూ పోయాడు. మొన్న మనవరాలు ఆ మచ్చ తడుముతూ, "ఆజీ, ఇది ఎట్లా అయింది?" అంది.

ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అయినా పక్కకు చూశాను.

"చెరుకాకు కోసిందమ్మా," అన్నాను.