వెనక్కి తిరగమన్నది నేనే

డోనెగాల్ తీరానికి చేరేసరికి మధ్యాహ్నం మూడు. వాయవ్యపు గాలి, సన్నటి జల్లు. ఏడాదంతా శాండీఫోర్డ్‌లో ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చునే నేను రెండు వారాలు మాత్రం ఐరిష్ సైన్యంలో రిజర్వ్ సైనికుణ్ణి. ఆసారి మాకు ఇసుక దిబ్బ మీద ఒక గుడారం, వేడిని పసిగట్టే కెమెరా, ఒక రేడియో ఇచ్చారు. మాదకద్రవ్యాలు దింపే పడవల కోసం సముద్రాన్ని చూస్తుండాలి. ఉదయం ఐదు నుంచి పదకొండు దాకా నా వంతు.

నాలుగో రోజు ఆదేశం మారింది. కెమెరాను ఒడ్డు వైపు కూడా తిప్పాలట. సార్జెంట్ కాగితం చదివాడు: "అంతర్గత భద్రత. తేడాగా కనిపించే ఎవరి గురించైనా గార్డులకు చెప్పాలి." గార్డులంటే ఇక్కడి పోలీసులు.

"తేడాగా అంటే ఎవరు సార్?"

"చూస్తే నీకే తెలుస్తుంది."

ఆ మాట నాకు నచ్చలేదు. పడవల కోసం తెచ్చిన కెమెరాకు మనుషులతో ఏం పని? ఆ తీరంలో తేడాగా కనిపించేది మొదట నేనే కదా! అయినా నోరు మూసుకుని తిప్పాను. నిజం చెప్పాలంటే, రెండు రోజులు గడిచేసరికి కుక్కను తిప్పే ముసలమ్మ మీద కూడా నాకు అనుమానమే.

ఆరో రోజు, ఉదయం 6:40. ఏరు సముద్రంలో కలిసేచోట ఒక మనిషి. మోకాలి లోతు దాకా దిగి, చేతిలోని మూటను నీళ్ళలో వదిలాడు. గిరుక్కున తిరిగి, దూరంగా ఆపిన కారు వైపు నడిచాడు.

"ఒక్కడే. మూట నీళ్ళలో వదిలాడు. వెనక్కి చూడడం లేదు" అని రేడియోలో చెప్పాను.

దిబ్బ పక్క దారిలో కాపు వేసిన ఇద్దరు గార్డులు అతని వెనక దిగారు. ఒకరి నడుముకు తుపాకీ ఉంది.

"ఆగు! ఇటు తిరుగు!"

అతను తిరగలేదు. నడక వేగం పెంచాడు. గార్డు చెయ్యి నడుము మీదికి పోయింది.

అప్పుడు వెలిగింది నాకు. అస్థికలు! మా నాన్నవి కలిపిన రోజు నేనూ అలాగే, వెనక్కి చూడకుండా నడిచాను. దిబ్బ మీంచి పడుతూ లేస్తూ పరుగెత్తాను. నోటికి తెలుగే వచ్చింది.

"అన్నా! తుపాకీ ఉందన్నా, ఇటు తిరుగు!"

తెలుగు వినగానే ఆగాడు. కానీ తిరగలేదు.

"ఎనుకకు సూస్తె ఆమె పోదంట తమ్మీ. అయ్యగారు ఫోన్ల చెప్పిండు. నా భార్య తమ్మీ..."

"కాలుస్తారేమో అన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా, తిరుగు."

తిరిగాడు.

లెటర్‌కెన్నీ ఊరి దగ్గర ఇంజనీరట. గార్డులు క్షమించమని అడిగారు. సార్జెంట్ నా భుజం తట్టి, "గ్రాండ్, బాగుంది. నీ పని నువ్వు చేశావు" అన్నాడు. రిజిస్టరులో '6:40, అనుమానితుడు' అని ఉన్నది నా చేతిరాతే. కొట్టేస్తానంటే సార్జెంట్ ఒప్పుకోలేదు.

రెండు వారాలు పూర్తికాగానే కిట్టు అప్పజెప్పి, రాజీనామా ఇచ్చి ఇంటికొచ్చాను. మర్నాటి నుంచి మళ్ళీ లూవాస్ ట్రామ్, మళ్ళీ ఆఫీసు. ఇప్పుడు ఎవరైనా భద్రత అంటే, కెమెరా ఎటు తిరిగి ఉందో ముందు చూస్తాను.

ఆ రోజు అతను తిరిగి చూసింది నన్ను కాదు, తుపాకీనీ కాదు. మా వెనకనున్న నీళ్ళను. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉన్నట్టు, ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.